నల్లా కాడి నుంచి ఆట

సిరొంచ బస్టాండుల ఎర్ర బస్సు
పొద్దుగాల ఐదింటికంటే
ఐదూ ఇరవైకి దగ్గుతది, ఆరింటికి కదుల్తది.
అప్పటికే మా అత్త రాజవ్వ
మూడుసార్లు మూట విప్పి కట్టింది.
సర్వపిండి లెక్క సరిపోయింది,
మనుషుల లెక్కే తప్పింది.
చూస్తే బాలుగాడు కండక్టర్ సీట్ల కూసోని
ఎవలికో టికెట్ చింపిస్తుండు.

మా సమత ఖోఖో ఆడుతది.
జిల్లా పోటీలు గడ్చిరోలిల.
ఆడపిల్లల్ని బడి సార్లు
ముందురోజే జీపుల తోలుకపోయిన్రు.
వెనుకనే వస్తమని మాటిచ్చినోళ్లం మేము.
ఓదెలు, అదే మా ఆయన,
పంక్చర్ దుకాణానికి తాళమేసి
చెవి జేబుల ఉన్నదా లేదా అని
జిమలగట్ట దాకా తడుముకుంటనే ఉన్నడు.
పెండ్లిళ్లకు తొడిగే తెల్ల అంగీ మీద.

తొవ్వ సంగతి అడగొద్దు.
గుంతల నడుమ అక్కడక్కడ రోడ్డుంటది.
టేకాకుల మీద దుమ్ము,
ఆ దుమ్ము మీద మళ్లొక దుమ్ము.
ఎగిరి పడ్డప్పుడల్ల రాజవ్వ
ఒక్కో దేవుని పేరు తలుసుకున్నది.
దేవుళ్లు అయిపొయ్యినంక
పాత సర్పంచుల పేర్లు మొదలువెట్టింది.

జిమలగట్ట దాటంగనే టైరు కూసున్నది.
డ్రైవరు ఫోను పైకెత్తి
సిగ్నల్ కోసం అడివిలకు పొయ్యిండు.
మా ఆయన చేతులు ఊకుంటయా?
జాకీ కింద రాయి పెట్టి,
మోకాళ్ల మీద కూసోని,
తిరిగొచ్చిన డ్రైవరుకే పని చెప్పిండు,
ఇటు పట్టు, అటు కాదు, ఇటు.
గంటన్నర.
తెల్ల అంగీ పొట్ట మీద
ఐదు నల్ల వేళ్లు.

ఆష్టిల ఐస్‌ఫ్రూట్ కావాలని బాలుగాడు
బస్సులనే పొర్లిండు. కొనిచ్చిన. నాదే తప్పు.

మైదానం చేరేసరికి రెండున్నర.
మైకుల సిరొంచ పేరు పిలుస్తున్నరు,
కుర్‌ఖేడ పిల్లలు అప్పటికే
వరుసల కూసున్నరు, ఒకలు అటు, ఒకలు ఇటు.
మా సమత గీత లోపల అడుగు పెట్టిందో లేదో
బాలుగాడు కడుపు పట్టుకున్నడు.
ఎర్ర ఐస్‌ఫ్రూట్ అంతా
నా పచ్చ చీర మీద.

నల్లా గోడ వెనుక ఉన్నది.
వాని మూతి కడుగుతుంటే గోడ అవతల ఖో.
వాని లాగు విప్పుతుంటే ఖో.
కొంగు పిండుతుంటే ఖో, వెంటనే ఖో, మళ్ల ఖో.
ఊరు ఊరంత లేచినట్టు ఒక కేక.
మరాఠీల కేకనో తెలుగుల కేకనో
ఎంత చెవి పెట్టినా సమజ్ కాలేదు.
నల్లా కట్టేసి పరుగెత్తిన.
అప్పటికే పిల్లలు సున్నం గీత తొక్కుకుంట
చేతులు కలుపుకుంటున్నరు.

ఒక్క పాయింటుతోని ఓడిన్రట.
"రెండు నిమిషాల పది సెకండ్లు దొరకలే"
అన్నడు ఆయన, గడియారం చూపెట్టుకుంట.
"దొరకకపోవుడేంది,
చేపలెక్క జారింది" అన్నది రాజవ్వ.
ఇద్దరూ చూసింది ఒక్క ఆటేనా అనిపిచ్చింది.

మర్లి వచ్చేటప్పుడు మా వెంటనే పంపిన్రు.
చామోర్షి దాటినంక బస్సుల లైట్లు తీసేసిన్రు.
సర్టిఫికెట్ మీద పేరు సమ్త అని పడ్డది,
దాన్ని విసనకర్ర చేసి ఊపుకుంట అడిగింది,
"చూసినవా అమ్మా?"
"చూసిన."
"ఏం చూసినవ్?"
"ఉరికినవ్ గద."
కిసుక్కున నవ్వింది.
"ఖాంబ కాడ మలిగినప్పుడల్ల
గోడ మీదికెల్లి నీ పచ్చ కొంగు కనబడ్డది.
పిండుతున్నవ్. దులుపుతున్నవ్.
అటు మలిగితే కనబడ్తవని
మూడుసార్లు అటే మలిగిన.
మూడోసారి దొరికిపొయ్యిన."

ఏమనాలె నేను.
కొంగు ఇంకా తడిగనే ఉన్నది,
ఐస్‌ఫ్రూట్ వాసన పోలేదు,
దాని మీదనే తల పెట్టి పండుకున్నది.
ఆలాపల్లి అవతల పెద్ద గుంత.
బస్సంత లేచి పడ్డది.
నిద్రల రాజవ్వ
ఇంకో సర్పంచును తలుసుకున్నది.