అమ్మ ఇచ్చిన పులుపు

బ్రెమెన్ రేవులో ఓడ ఎక్కేముందు
అమ్మ నా చేతిలో పెట్టింది బంగారం కాదు,
పులిసిన రై పిండి పూసి ఎండబెట్టిన నార గుడ్డ.
"నీళ్ళు తగిలితే మళ్ళీ బతుకుతుంది" అంది.
అంతే. ఏడవలేదు.
పొమెరేనియాలో మాకు
ఏడవడానికి కూడా దొర సెలవు కావాలి.

పదిహేడు రోజులు ఓడ అడుగున.
ఉప్పు చేపల కంపు, ఎవరివో దగ్గులు.
తడి తగలకుండా గుడ్డ రవికలో ఒక పక్క,
చంటివాడు ఆల్విన్ ఇంకో పక్క.
పన్నెండో రోజున ఒక పక్క ఖాళీ అయింది.
నీళ్ళ మీద గుర్తురాయి నిలబడదు.

నెబ్రాస్కా.
చెట్టు లేదు, రాయి లేదు.
గడ్డి. గడ్డి మీద గాలి.
గెభార్ట్ నేలనే ఇటుకల్లా కోసి ఇల్లు కట్టాడు.
వానొస్తే కప్పులోంచి బురద సూపులో పడేది.

నాలుగు మైళ్ళ అవతలి పొరుగామె, నార్వే రాగ్నా,
కుంచెడు పిండి మోసుకొచ్చింది.
ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు.
ఇద్దరికీ రాని ఇంగ్లీషులో థాంక్యూ అన్నాను.
తప్పు పలికానేమో, పగలబడి నవ్వింది.
మా ఊళ్ళో ఆ మాట
టోపీ తీసి, నేల చూస్తూ చెప్పేది.
కళ్ళలోకి చూసి చెప్పడం అదే మొదలు.

గుడ్డ నానబెట్టాను.
ఒక రోజు, ఏమీ లేదు. రెండో రోజూ లేదు.
"చచ్చిపోయింది" అన్నాడు గెభార్ట్, బూట్లు విప్పుతూ.
మూడో రోజు తెల్లారి
ఒక్క బుడగ.
గిన్నె మీద వంగి ఏడ్చిన ఆ ఏడుపు
అమ్మ కోసమో, ఆల్విన్ కోసమో నాకు తెలీదు.

మిడతలు పంటనీ, తీగ మీది నా ఆకుపచ్చ గౌనునీ
తినేసిన మరుసటి ఏడు,
రాయి దొరకని నేలలో
నాగటి చాలున ఒక రాతి బాణపు మొన దొరికింది.
ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని
ఎద్దులు విసుక్కునేదాకా నిలబడ్డాడు.
భూమి కాగితం ఇచ్చిన గుమాస్తాకి
అప్పుడే ఒక బాతును ఇచ్చి వచ్చాం.
వీళ్ళకేం ఇవ్వాలి? ఎక్కడికని వెళ్ళి ఇవ్వాలి?
మొన కిటికీ గట్టు మీద ఉంది.
అన్నం ముందు ప్రార్థనలో
పేరు తెలియని వాళ్ళకూ ఒక మాట కలుపుతాను.
అప్పు తీరదు. తెలుసు.

ముప్పై ఏళ్ళుగా
సగం తీసి రొట్టె చేసి,
మిగతా సగానికి ఈ పొలం పిండీ ఈ బావి నీళ్ళూ కలుపుతున్నాను.
లెక్కలొచ్చిన గెభార్ట్ అంటాడు,
మీ అమ్మ పిండి ఇందులో రవ్వంతైనా లేదని.
నిజమే కావచ్చు. రుచి మారింది.
పులుపు కాస్త మెత్తబడింది.

నాకిప్పుడు ఇదే ఇష్టం.
అమ్మా, కోప్పడకు.