పదహారు ఎంబీలు

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తెర నల్లగానే ఉంది.
బోర్డు మూల, సీపీయూ అనే మూడక్షరాల పక్కన
ఎర్ర చుక్క ఒకటి వెలిగి ఆరనంటోంది.

డాబాగార్డెన్స్‌లో మెట్ల కింద నా కొట్టు.
పెదగంట్యాడ నుంచి రెండు బస్సులు మారి
డబ్బాని ఒళ్లో పెట్టుకుని వచ్చారు దేముడు గారు,
జ్వరం పిల్లాడికి చుట్టినట్టు చుట్టూ తువ్వాలు.

"నానేటీ సెయ్నేదమ్మా. కొత్త ప్రాసెసర్ ఏస్తే బేగి నడుస్తాదన్నారు.
ముందు బయాస్ అప్‌డేట్ సెయ్మన్నారు, సేసేను.
కరెంటు పోతాదేమోనని
ఆ ఏడు నిమిషాలూ ఊపిరి బిగబట్టుకోని కూకున్నాను.
పోనేదు. బాగానే అయింది.
ఇప్పుడు కొత్తది పలకదు. పాతది మళ్లీ ఎడితే అదీ పలకదు."

అందరూ చేసేవే ముందు చేశాను.
రూపాయి బిళ్లంత బ్యాటరీ తీసి, టీ తాగొచ్చి, పెట్టాను.
ర్యామ్ కడ్డీలు రబ్బరుతో తుడిచాను.
ఇక్కడికి సముద్రం కనబడదు గానీ
ఏ బోర్డు విప్పినా దాని పచ్చటి ఉప్పు
నాకంటే ముందొచ్చి కూర్చుని ఉంటుంది.
స్క్రూ వాసన చూసి చెప్పేస్తాను,
ఇది భీమిలిదా, గాజువాకదా అని.
అబద్ధమే. కస్టమర్లు నమ్ముతారు.

చివరికి కంపెనీ వాళ్ల నోటు చదివాను,
చీమ తలకాయంత అక్షరాలు:
ఈ వెర్షన్ నుంచి కొత్త ప్రాసెసర్లను గుర్తిస్తుంది.
ఫలానా, ఫలానా పాతవాటిని తొలగించాం.

చోటు లేదు మరి.
బోర్డు జ్ఞాపకమంతా ఎనిమిది కాళ్ల ఒక్క చిప్పు,
కందిగింజంత.
పదహారు ఎంబీలు. గట్టిగా నాలుగు పాటలు పట్టవు.
ఒక పేరు ఎక్కాలంటే ఒక పేరు దిగాలి.
సాకెట్ అదే. పిన్నుల లెక్క అదే.
నాలుగేళ్లు తనలోనే వేడెక్కి చల్లారినదాన్ని పట్టుకుని
తమరెవరండీ అంటోంది.

ఈ సంగతి చెబితే దేముడు గారు నవ్వారు.
"మా నాన్న ఆర్ కార్డూ అంతేనమ్మా.
ఫ్యాక్టరీకి బూమిచ్చినోడి పేరు ఓ లిస్టులో ఉంటాది,
కొత్త లిస్టొస్తే ఉండదు.
ఆ కార్డుకి జిరాక్సులు తీయించీ తీయించీ
ఆకరికి జిరాక్సు కొట్టే ఎట్టేసేను."

మరి కొత్తదెందుకు పలకదు?
భూతద్దం కింద పెట్టాను.
కొరియర్ సంచిలో ఎక్కడ దెబ్బ తగిలిందో
మూలన ఒక పిన్ను
పక్కదాని భుజం మీద తలవాల్చి ఉంది.
లీడ్ పెన్సిల్లో లీడు తీసేసి, ఆ బోలు మూతి తొడిగి
మెల్లగా నిలబెట్టాను.
ఈసారి ఊపిరి బిగబట్టడం నా వంతు.

ఎర్ర చుక్క ఆరింది.
తెర మీద కంపెనీ బొమ్మ, దాని కింద కొత్త పేరు.

"పాతదాన్ని మళ్లీ గుర్తట్టేలా సెయ్యలేమా?"
చెయ్యొచ్చు. చిప్పుకి క్లిప్పు తగిలించి
పాత వెర్షన్ రాస్తే గుర్తుపడుతుంది.
అప్పుడు కొత్తదాన్ని గుర్తుపట్టదు.
"అమ్మితే ఎంతొస్తాది?"
నాలుగొందలు.
"అయితే ఉండనీ."
మందుబిళ్లల డబ్బాలో స్పాంజి ముక్క పరిచి
పిన్నులు వంగకుండా సర్ది ఇచ్చాను.

బిల్లు తీయబోతే సాఫ్ట్‌వేర్ ఊరు అడిగింది.
ఆయన చెప్పిన పేరు జాబితాలో లేదు.
"ఇప్పుడా ఊరు నేదులెండి, గోడ లోపలుండిపోనాది.
పెదగంట్యాడ నొక్కీండి."
నొక్కాను. కాగితం బయటికొచ్చాక
వారంటీ వర్తించదు అన్న గడి పైన ఖాళీ చూసి
పెన్నుతో రాశాను: గుళ్లపాలెం.

ఆయన చదివి, చెయ్యి చాపి పెన్ను తీసుకున్నారు.
"గుళ్లు గాదమ్మా. మా ఊళ్లో గుడొక్కటే.
గుల్లలు. సముద్రం గుల్లలు."