మైదాపిండి సముద్రం

ఏటా మే నెల మొదటి సోమవారం
హాథర్‌గిల్ స్టేషన్లో
పోర్టర్ ఈనాక్ ఆల్డర్‌సన్ మైదా ఉడికించేవాడు.
బకెట్టు, కుంచె, పొట్టి నిచ్చెన.
వెయిటింగ్ రూమ్ గోడకి
నిరుటి సముద్రం మీద
ఈ ఏటి సముద్రాన్ని అంటించేవాడు.

పచ్చటి ఇసుక, ఎర్ర గొడుగు,
ఈతబట్టల్లో నవ్వే అమ్మాయి.
ముందు ఆమె మోకాళ్లు అంటుకునేవి,
చాలాసేపటికి నవ్వు.
మధ్యలో గాలిబుడగ లేస్తే
మాస్టరు కిటికీ వంక ఓ కన్నేసి
అరచేత్తో మెల్లిగా అంచుకి తోసేవాడు.
ముప్ఫై ఒక్కేళ్లు.
సముద్రం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే
మైదా వాసనేస్తుంది అనేవాడు.

తన ఊరికీ ఒక బొమ్మ ఉందని అతనికి తెలీదు.
అది లీడ్స్‌లో ఉంది, మిల్లు గేటుకెదురుగా, మసిగోడ మీద.
ఏ ఊరి బొమ్మా ఆ ఊళ్లో అంటించరు.
అద్దం ముందున్నవాడికి
టికెట్ ఎవడమ్ముతాడు?

పెన్నీ పెన్నీ కూడబెట్టుకుని
మగ్గాల మోతకి దిబ్బడేసిన చెవులతో
ఓ ఆగస్టు సెలవునాడు, వానలో,
డోర్కస్ ఆక్రాయిడ్ దిగింది.
పాలక్యాన్ల మధ్య నిలబడి
"బొమ్మలో ఊరికి ఎటెళ్లాలి?" అని గట్టిగా అడిగింది.
"ఏ బొమ్మ?"
"వంగపండు రంగు కొండ. దాన్ని చుట్టుకుని ఏరు. తెల్లటి గొర్రెలు."

కొండ సగమే ఉంది, మిగతాది మబ్బు.
ఏరు వంతెన అవతల,
కొండ జోలికి ఏనాడూ పోలేదు.
గొర్రెలు బురద రంగు.
అబద్ధమాడటం ఈనాక్ ఉద్యోగంలో లేదు,
అంటించడమే ఉంది.
"ఇదే" అన్నాడు.

ఆమె వాననీ ఊరినీ చూసింది.
వెనక్కి తిరిగి గోడ చూసింది.
"మరి అక్కడికెంత?"
"నేనూ వెళ్లలేదు" అన్నాడు,
అడగని దానికి.

ఆరూ పది బండి దాకా లాంతర్ల గదిలో టీ.
ఆమె చెబుతుంటే తన ఊరు విన్నాడు.
చర్చి ఉందట, కంచెలున్నాయట,
వంతెన మీద కుక్క కూడానట.
స్టేషన్ లేదట.
రైలువాళ్లు వేయించిన బొమ్మలో
పట్టాలే లేవట.

ఇప్పుడు నిజంగానే లేవు.
గది ఉంది, సగం కప్పుతో.
పలకంత మందాన ముప్ఫై ఒక్క సముద్రాలు;
నత్తలకి మైదా ఇష్టం,
అంచు నుంచి తింటున్నాయి.
మొన్నటి వానకి ఓ పొర ఊడింది.
కింద ఇంకో మోకాలు,
ఒక అరచేతి ముద్ర.