బుట్టెడు నీళ్ళు

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం
ఎండెల్ మోకాళ్ళ దాకా తడిసి ఇల్లు చేరాడు.
బుట్టలో ఏడు పుట్టగొడుగులు.
జ్వరం నుంచి లేచిన పిల్లల ముఖాల్లా
పాలిపోయి ఉన్నాయి.

"ఏరుకోడానికి ఇవే దొరికాయా?" అన్నాను.
మా అమ్మ వీటిని గడప దాటనిచ్చేది కాదు.
విషం లేదు, రుచీ లేదు,
పెనం ఎక్కగానే నీరుగారిపోతాయి అనేది.

పొడి అడవిలో, ఎత్తైన బర్చ్ చెట్ల కింద
వీటి అన్న ఉంటాడు,
గోధుమరంగు టోపీ, దర్జా.
వాణ్ణి ఎండబెడతాం, ఉప్పులో ఊరేస్తాం,
పెళ్ళిళ్ళకి దాస్తాం.
ఇది మాత్రం ఊబికి ఇల్లరికం వెళ్ళిన తమ్ముడు.
మెత్తటి నాచులో, నల్లనీళ్ళ అంచున
ఒంటికాలి మీద నిలబడుతుంది.
లేతగా ఉంటే తెలుపు.
ముదిరితే టోపీ మీద పచ్చటి నీడ,
చెరువు అడుగు పైకి తేలినట్టు.

అక్కడ చెట్టూ అంతే.
అరవై ఏళ్ళ బర్చ్ నా నడుము దాకా రాదు.
వేళ్ళకి అందని తిండిని
ఈ తెల్లది సన్నటి దారాలతో నాచులోంచి ఏరి తెస్తుంది.
ఆకుల్లో వండుకున్న తీపిలో
చెట్టు దీనికింత పెడుతుంది.
ఎవరు ఎవరికి బాకీయో
ఆ నీళ్ళలో ఎవరూ రాసిపెట్టలేదు.

"ఎక్కడివి?"
"మూడో కాలువ గట్టున."

కత్తి చేతిలోనే ఆగింది.

మూడో కాలువ నాకు తెలుసు.
మా పెళ్ళైన ఏడాది
ఎండెల్ పీట్ ఫ్యాక్టరీలో యంత్రం తోలేవాడు.
గీత గీసినట్టు తవ్వేవాడు, మెచ్చుకునేవారు.
ఊబి ఒంట్లో నీరంతా ఆ గీతల వెంట పోయింది.
ఆ జీతంతోనే ఈ పొయ్యి, ఈ ఇంటి కప్పు,
కవలలిద్దరికీ చలికాలపు బూట్లు.
నాచు ఎండింది. సారసాలు దిగడం మానేశాయి.
ఒక ఆగస్టులో నేల లోపల్నుంచి కాలింది,
మంట కనపడదు, పొగ మాత్రం ఆరు వారాలు.
కిటికీలు మూసి
పిల్లల బట్టలు ఇంట్లోనే ఆరేశాను.
ఎండెల్ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

మూడేళ్ళ కిందట మార్యే అనే అమ్మాయి తలుపు కొట్టింది.
కాళ్ళకంటే పెద్ద బూట్లు, చేతిలో తడిసిన మ్యాపు.
కాలువలు పూడుస్తారట.
"ఎక్కడెక్కడ తవ్వారో
గుర్తున్నవాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?"
ఎండెల్ టీ కప్పు కింద పెట్టాడు.
"నాకు తెలుసు," అన్నాడు.
డెబ్బై ఒకటి అప్పటికి.
కొట్టంలో రెండు పారలు, ఒకటి మా నాన్నది.

చెక్కలు దించారు, పీట్ నింపారు, కాళ్ళతో తొక్కారు.
వాన వచ్చి కాలువలో నిలిచింది.
తర్వాత ఏమీ జరగలేదు.
చాలా రోజులు ఏమీ జరగలేదు.
దోమలు పెరిగాయని పక్కింటి ఆర్వి మాతో మాటలు మానేశాడు.

"మార్యేకి చెప్పావా?"
"రెండు అక్కడే వదిలాను.
తను చూడద్దూ?"

తొమ్మిదన్నమాట.

కోశాను.
కాడ అడుగున నీలిపచ్చ మచ్చ మెల్లగా తేలింది,
పాత దెబ్బ కమిలినట్టు.
వెన్న, ఉల్లిపాయ, ఉప్పు.
అమ్మ మాట అబద్ధం కాలేదు.
పెనం నిండా నీళ్ళు,
మధ్యలో గుప్పెడైనా లేని బూడిదరంగు ముక్కలు.

"బుట్టలో నీళ్ళు మోసుకొచ్చావయ్యా," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను.
పెనంలోకి చూస్తూ ఉండిపోయాడు.
తర్వాత నల్లరొట్టె తుంచి
ఆ నీళ్ళలో అద్దుకుని తిన్నాడు.
మళ్ళీ తుంచాడు.
చివరి చుక్క దాకా పెనం తుడిచేశాడు.
నాకు ఒక్క ముక్క మిగిల్చాడు. తిన్నాను.
వాన వాసన, అంతే.

"రేపు నాలుగో కాలువ,"
తడి మేజోళ్ళు పొయ్యి మీద ఆరేస్తూ అన్నాడు.