పదిహేడు ఫ్లాస్కులు

ముప్పై ఏడు డిగ్రీల చీకట్ల
పదిహేడు ఫ్లాస్కులు పెట్టి తలుపేసిన.
పన్నెండింటికి పన్నెండు తీర్ల తిండి.
మిగిలిన అయిదు ఒక్కటే తీరు –
నా చెయ్యిని నేను నమ్మలేక.

పరకాల కొంరవ్వ పెరుగు గురిగిల నుంచి
దూదిపుల్లకు అంటుకుని బస్సెక్కిన ప్రాణమిది.
రికార్డుల దీని పేరు కే-నాలుగు.
"నా పెరుగుల పురుగులున్నయంటవా?" అని
ఆమె మళ్లా గడప తొక్కనియ్యలేదు.
పురుగులు కాదవ్వా అని చెప్పబోతే
అప్పటికే గొళ్లెం పడ్డది.

సీసాల వచ్చే తిండి మా వల్ల కాదు.
అర కిలో డబ్బా బిల్లు చూసిన సారు
దాన్ని అల్మారల పెట్టి
తాళంచెవి జేబులేసుకుండు.
ఇగ నేను ఎనుమాముల మార్కెట్ల
మక్కలు రెండు కిలోలు బేరమాడిన.
నానబెట్టిన నీళ్లు వడగట్టిన.
పాలకేంద్రంల మోరీకి పోయే విరుగుడు నీళ్లు
అయిదు లీటర్ల క్యాన్ల పట్టుకొచ్చిన.
కామారెడ్డి బెల్లం – ఇంత, అంత, దానికి రెట్టింపు.
కంటికి కనబడనంత మాంగనీస్.
పులుపు ఆరున్నర దగ్గర నిలిపే దాక
చుక్క చుక్క.

అటెండర్ ఓదెలు నవ్విండు:
"మా బర్రె కుడితి గూడ ఇంత కొలిచి కలుపం మేడం.
అది తాగుతది, మేం పిండుకుంటం, అయిపాయె."

తెల్లారి పదకొండో ఫ్లాస్కు
కలినీళ్ల లెక్క చిక్కగయింది.
మిషన్ల పెడితే ముల్లు చివరికంటా పోయింది.
బెల్లం రెట్టింపు పడ్డది దాంట్లనే.
సారుకు ఫోన్ చేద్దామని నంబర్ తీసి
చెయ్యలే.
ఇంకో పరీక్ష ఉన్నది.

కడుపుల ఉండేటంత పులుపుల
మూడు గంటలు ముంచిన అందరినీ.
ఆ తర్వాత పైత్యపు చేదుల.
మర్నాడు ప్లేట్లు తీసి చూస్తే
పదకొండోది తెల్లగ, నున్నగ, ఖాళీ.
ఒక్క చుక్క లేదు.
పలుచగ పెరిగిన నాలుగోది,
బెల్లం కొసరి కొసరి పోసినది,
ప్లేటు నిండ సన్న ముత్యాలు పరిచింది.
మూడుసార్లు మళ్లా చేసిన.
మూడుసార్లూ గంతే.

కడుపునిండ తిన్నది పెరిగింది.
సగం తిన్నది బతికింది.

రాయాలె గదా.
పెన్ను పట్టుకుని కూసున్న.
ఎనిమిది నెలల సంది ఫెలోషిప్ రాలేదు.
హాస్టల్ మెస్సుల నా పేరు కింద ఎర్రగీత.
పొద్దున కొన్న సర్వపిండి
సగం తుంచి, సగం కాగితంల చుట్టి
రాత్రికని టేబుల్ సొరుగుల దాచిన –
దాని పక్కనే రికార్డు బుక్కు.
ఈ ఫలితం హైదరాబాదుల ఎవరి బల్ల మీద పడినా
ఆ మనిషి తల ఊపి నవ్వుతడు:
చూసినవా, ఆకలి మంచిదే.

అందుకే మెల్లగ రాసిన:
"చక్కెర పరిమితమైనప్పుడు
ఆమ్లాన్ని తట్టుకునే శక్తి పెరిగినట్టు గమనించడమైనది."
చుక్క పెట్టిన.
కొంచెంసేపు ఆగి, దాని కిందనే,
ఏ సారూ అడగకున్నా,
ఇంకో వాక్యం చేర్చిన:

"ఈ మాట ఈ క్రిమికి మాత్రమే వర్తించును."

సొరుగు తెరిచి
మిగిలిన సగం గూడ తిన్న.