నీటిగీతకి దిగువన

తాళ్ళరేవులో మేం ఓడ అడుగుదూలాన్ని ఏరా అంటాం.
ఎవరినో పిలుస్తున్నట్టే ఉంటుంది.
మద్ది, తుమ్మ, టేకు.
సందుల్లో నార, నార మీద గుగ్గిలం.
కాయితం మీద గీత ఉండదు,
కొలతంతా మా నాన్న కంట్లోనే.

మా మేనమామ సంగాడి పోతురాజు పనిచేసిన ఓడకి మాత్రం
ఒక గది నిండా పటాలుండేవట.
ఎక్కడో చలిదేశంలో, మంచు కురిసే ఏటి ఒడ్డున
యుద్ధం తొందరలో వేశారు దాని ఏరా.
ఎర్రగా కాలిన రివెట్టు ఒకడు పటకారుతో విసిరితే
ఇంకొకడు డబ్బాలో పట్టేవాడట.
ఓడ పూర్తయ్యేసరికి యుద్ధానికే వయసు మళ్ళింది.
కొన్నాళ్ళకి మనకి అమ్మారు.
జెండా మారింది, పేరు మారింది.
బాయిలర్ల మీద ఇత్తడి పలకలు
పాత యజమాని భాషే మాట్లాడేవి.

"లైట్ క్రూయిజర్ అంటే తేలికదా మావయ్యా?"
"తేలికే. ఎనిమిదివేల టన్నులు."
ఆయన నవ్వడు, బీడీ మాత్రం ఆరిపోతుంది.

తొమ్మిది పెద్ద ఫిరంగులు.
విన్యాసాల్లో పేలినప్పుడు కింద
టీ గ్లాసులు కొక్కేల మీద గల్లుమనేవి.
అంతకు మించి యుద్ధం ఆయన ఎరగడు.
సర్వీసు పుస్తకం చూస్తే అంతా రేవుల పేర్లే,
కొచ్చి, ఏడెన్, మొంబాసా, సింగపూర్.
"ఇవన్నీ చూశావా?"
"వాటి వేడి చూశాను."
స్టోకరు బతుకు నీటిగీతకి దిగువన.
ఇరవై రెండేళ్ళు సముద్రంలో ఉండి
సముద్రాన్ని రేకు అవతలి చప్పుడుగానే ఎరుగును.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన మా లంకల్ని ఊడ్చేసింది.
ఓడకి ఉత్తర్వు వచ్చింది, గోదావరి మొగకి పొమ్మని.
మా మొగలో పోటుకి రెండు బారల నీళ్ళు,
ఆ ఓడకి నాలుగు కావాలి.
పన్నెండు మైళ్ళ అవతలే లంగరు దించింది.
లాంచీలు బియ్యం, మందులు, బ్లీచింగు
మోసుకుని వెళ్ళాయి, వచ్చాయి.
ఊరివాణ్ణి, దారి చూపిస్తానన్నాడు మావయ్య.
బాయిలర్ ఎవరు చూస్తారన్నారు.

రెండో రాత్రి కండెన్సరు వేడెక్కింది.
ఓడ పీల్చే నీళ్ళకి అడ్డంగా ఒక జల్లెడ ఉంటుంది.
విప్పింది ఈయనే.
బురద.
మా ఒండ్రే, వేళ్ళకి తెలిసిపోయింది.
బురదలో వరిగడ్డి, పాలు పట్టని కంకులు,
ఎవరింటి కప్పుదో తాటాకు,
ఒక వలబెండు.

దీపం దగ్గరికి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడట.
మా ఇంటి బెండుకి మూడు గాట్లు.
దీనికి రెండే.
"హమ్మయ్య అన్నాన్రా," అంటాడు.
అని ఊరుకుంటాడు.
ఎప్పుడో ఆరిన బీడీని మళ్ళీ వెలిగిస్తాడు.
"రెండు గాట్లూ ఎవరివో నాకు తెలుసు."

ఓడ చరిత్రలో ఆ నాలుగు రోజులు ఒక్క వరుస,
తుఫాను సహాయం, తూర్పు తీరం.
జల్లెడ సంగతి అందులో లేదు.

చివరికి దాన్ని టన్నుల లెక్కన అమ్మేశారు.
కోయడానికి ఎనిమిది నెలలు పట్టిందని ఎవరో చెబితే
"కట్టడానికి మూడేళ్ళు," అన్నాడు,
వేలానికి వచ్చిన బేరగాడిలా.

మొన్న మా కొత్త ఓడని పోటు చూసి కాలవలోకి తోశాం.
కొబ్బరికాయ, పసుపు, కేకలు.
ఎక్కినవాళ్ళంతా పైన నిలబడి
ఒడ్డుకేసి చేతులూపుతున్నారు.
మావయ్య కనపడలేదు.
నిచ్చెన దిగి చూస్తే,
చీకట్లో, పచ్చి గుగ్గిలం వాసనలో,
ఏరా మీద గొంతుక్కూచుని
చెక్కకి అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"కారుతోందా?" అన్నాను.
"ఉండు," అన్నాడు,
"నీళ్ళు ఏవో చెబుతున్నాయి."