ఆరేదాకా

కింద గౌసియా మిషను మీద
ఎవరిదో చిలకపచ్చ పట్టు జాకెట్టు.
దాని వీపు మీద, మగ్గం పూల పక్కనే,
మా షవరు నీళ్ళు ఒక్క చుక్క.
ఆమె పైకొచ్చి తిట్టలేదు.
జాకెట్టు పట్టుకొని నిలబడింది, అంతే.
తిట్టినా బాగుండేది.

ఇంటాయన ముత్తుకూరు దగ్గర గుంటల మీద ఉంటాడు.
"పట్టుబడి కానీమ్మా, మొత్తం పగలగొట్టి ఏపిస్తా"
అన్నాడు ఫోన్లో.
ఆ మాటల వెనక ఏరేటర్లు నీళ్ళు చిలికే చప్పుడు.
తన నీళ్ళు ఇంకిపోకుండా
గుంట నిండా నల్ల షీటు పరిచిన మనిషికి
నీళ్ళు దిగడమంటే ఏంటో నేను చెప్పాలా?
పట్టుబడికి ఇంకా నలభై రోజులు.
వాయుగుండాల నెల.

సరే.
పొగతోటలో పన్నెండేళ్ళుగా కట్లు కట్టే చేతులివి.
గరిటె కాడతో ఒక్కో టైలునీ తట్టాను.
బాగున్నది టంగుమంది.
పట్టు వదిలింది మాత్రం డొల్లగా,
ఉబ్బిన పొట్ట మీద డాక్టరు వేళ్ళ చప్పుడు.
నాలుగు తేలాయి. ఒకటి అడ్డంగా పగిలింది.
భువన సుద్దముక్కతో వాటికి ఇంటూ గుర్తులు పెట్టింది,
తప్పు లెక్కలకు వాళ్ళ టీచరు పెట్టినట్టు.

సందుల్లో నల్లటి పాకుడు.
పాత స్క్రూడ్రైవరుతో గీకితే
సబ్బు జిడ్డు, వెంట్రుకలు,
మాకు ముందున్నవాళ్ళ పసుపు.
బ్లేడంత సందు,
ఎన్ని బిందెలు తాగిందో.

ట్రంకురోడ్డు కొట్టులో కుర్రాడు డబ్బా ఇస్తూ
"ఆరకముందు పూసినావంటే అక్కా,
డబ్బులు నీళ్ళలో పోసినట్టే" అన్నాడు.
నాకు తెలీదా!
లోపల చీముండగానే పైన కట్టేసి పంపిన కాళ్ళు
ఎన్ని విప్పలేదు నేను.

మూడు రోజులు
టేబుల్ ఫ్యాను నేలకేసి వంచి పెట్టాం.
మరి స్నానాలు?
"మా ఇంట్లో లేదా ఏంది బాత్రూము" అంది గౌసియా,
కొంచెం కోపంగానే.

అలా మా నేలను మొదటిసారి కిందినుంచి చూశాను.
చెంబు ఎత్తి తల పైకెత్తితే
సున్నం పొక్కులు లేచి, గోధుమరంగు అంచులతో
పులికాట్ పటంలాంటి మరక.
నీళ్ళు ఇక్కడ దిగి, కరెంటు పైపు పట్టుకొని
ముందుగదిలో మిషను దాకా నడిచాయట.
అంచున ఒక చుక్క
పడాలా వద్దా అని వేలాడుతోంది.
ఈ ఇంట్లోవాళ్ళు రెండేళ్ళుగా దాని కిందే
కళ్ళు మూసుకొని తల రుద్దుకుంటున్నారు.
చెంబు చేతిలో అలాగే ఉండిపోయింది.

నాలుగోరోజు ఆసుపత్రి గ్లౌజులు తొడుక్కొని
రెండు రంగుల ముద్దను ఒకే రంగయ్యేదాకా పిసికి
పగుల్లో కూరాను.
సందులు నింపి, మూలల్లో వలగుడ్డ పట్టీ అంటించి
పైన ఒక పూత నిలువుగా,
అది ఆరాక ఇంకో పూత అడ్డంగా.
బ్రష్షుతో వెనక్కి వెనక్కి జరుగుతూ
గడప బయటపడ్డాను.

ఒక పగలంతా ఆరనిచ్చి
తూముకు గుడ్డ కుక్కి రెండు బకెట్లు పోశాం.
నీళ్ళు ట్యూబులైటును పట్టుకొని కదలకుండా ఉన్నాయి.
కింద గౌసియా స్టూలెక్కి, సెల్లు లైటేసి.
పదకొండింటికి "లేదు" అంది.
రెండింటికి, నేను అడక్కుండానే, మెట్ల మీంచి, "లేదు."
తెల్లారి చూస్తే
గోడ మీద నేను గీసిన పెన్సిలు గీత దగ్గరే నీళ్ళు.

జాకెట్టు మరక చోట ఆమె ఒక పువ్వు ఎక్కువ కుట్టిందట.
తొడుక్కున్నావిడ బాగుందని మెచ్చుకుందట.

ఇది బాగుచేయడం కాదు, నాకు తెలుసు.
గరిటెతో తడితే డొల్ల ఇప్పటికీ డొల్లే.
అందుకే ఆ నాలుగింటి మీద బరువు పడకుండా
గోడవారగా నిలబడి పోసుకుంటున్నాం.
నిన్న కావలి నుంచి వచ్చిన మా అత్త
"షవరు కింద చోటుంటే మూలకెందుకు నక్కుతారే?" అంది.
చెప్పబోయి ఊరుకున్నాను.

నలభైలో ముప్పైరెండు మిగిలాయి.
ఫోన్ చేస్తే,
రొయ్య కౌంటు ఇంకా వందలోనే ఉందట.